జ్ఞానశేఖర్ బావ తలుపులేసిన రోజు

ఏటల్లుడూ, రేపే డ్యూటీలో జేరతన్నావంట గదా, గేస్ బాయిలరంట గదా? మీ అత్త సెప్పింది. కూకో, ఆ స్టూలు లాక్కో, కాలు ఊగుద్ది గానీ పడదులే. గేస్ బాయిలరంటే నాకు మా జ్ఞానశేఖర్ బావే గుర్తొత్తాడు. నువ్వు సూణ్ణేదు, ఆయన పోయి పదమూడేళ్ళయిపోయింది. బావంటే సుట్టరికం కాదు, ఆళ్ళు కిరస్తానీలు, మనం ఏరు. అయితేటి, హార్బర్ కాడ రొయ్యల కంపెనీలో పద్దెనిమిదేళ్ళు ఒకే బాయిలర్ కాడ సెమట కార్సినోళ్ళం, మరింకేటని పిలుత్తాం? రొయ్యలుడికించడానికి ఆవిరి గావాల. ఆరోజుల్లో బాయిలరు నల్లనూనెతో, అదే ఫర్నేసు ఆయిలుతో, మండీది. ఆ నూనె మంటలో బావని మించినోడు లేడనుకో. పొగగొట్టం కేసి ఓసారి తలెత్తి సూసీవోడు, నల్లగొత్తంటే గాలి తక్కువ, తెల్లగొత్తంటే ఎక్కువ, అంతే. మంట ఎర్రగా, పచ్చగా, నిండుగా ఉండాలనీవోడు.

రెండేల మూడో, నాలుగో, ఆ టయాన కంపెనీవోళ్ళు నూనె తీసీసి, కొత్త గది కట్టి గేస్ బాయిలర్ తెచ్చేరు. తెచ్చీసి మా మేనేజర్ భీమశంకరరావు గారు, కృష్ణా జిల్లా ఆయన్లే, మమ్మల్ని ఆరుగుర్నీ నిలబెట్టి, "ఏవయ్యా, ఇది దానంతటదే మండుద్ది, దీనికి ముగ్గురు చాలు. ఇంజనీరు ముందు మంట సరిగ్గా పెట్టగలిగినోడు ఉంటాడు, లేనోడు ఎల్తాడు" అనీసేడు. బావకి యాభై రెండేళ్ళు, ఆ వయసులో ఎవుడు పన్లోకి తీసుకుంటాడు? సదువా, అయిదో క్లాసు. బావ పెళ్ళాం జయశీలక్క రెండ్రోజులు అన్నం ముట్టలేదంట.

ఇంజనీరంటే ఎవుడో మీసాలోడొత్తాడనుకున్నాం, సూత్తే శ్రీసత్య అని పాతికేళ్ళు కూడా నేని గుంట. సేతిలో సూట్‌కేసంత మిషను. దాని కడ్డీ పొగగొట్టం బెజ్జంలో ఎడితే, ఎంత గాలి మిగిలింది, ఎంత గేస్ సగం కాలి విషమై పోతంది, అంకెలు సూపించుద్ది. గేస్‌కి పొగ కనపడదు గదా మరి! ముందు బావనే పిలిసేరు, పెద్దోడని. ఎలిగించే ముందు లోపల మిగిలిన గేస్‌ని తోసీడానికి ఫేను ఊదుద్ది సూడు, ఆ ఊదినంతసేపూ కళ్ళు మూసుకుని పరలోక ప్రార్థన సెప్పుకున్నాడు. ఆమెన్ అనీసరికి మంట అంటుకుంది. తరవాత్తరవాత నాకూ నోటికొచ్చీసిందిలే, మీ అత్త యినీసి మతం మార్సీసేవా అని పెద్ద తగువు... ఎక్కడున్నాను? ఆఁ, మంట. గాజుకన్నంలోంచి సూసేడు. నీలంగా ఉంది. బావకి నచ్చలేదు. "పేణం లేదమ్మా దీంట్లో" అనీసి గాలి తగ్గించుకుంటా వొచ్చేడు, పచ్చగా, నిండుగా, సూడ్డానికి దీపావళే. మురిసిపోయి యెనక్కి తిరిగేడు. మిషను కుయ్యోమని మొత్తుకుంటంది! "చూడ్డానికి బావుందండీ శేఖర్ గారూ, కానీ గ్యాస్ పూర్తిగా కాలకుండానే పోతోంది" అందా పిల్ల, మెల్లగానే అంది. మేమందరం పకపకా నవ్వేసేం. నానూ నవ్వేను. బావ ముఖం సూడాల్సింది.

మర్నాడు ఆ పిల్లే పెట్టింది. సన్న మంట, మజ్జ మంట, పెద్ద మంట, మూడు కాడా అంకెలు సక్కగా వొచ్చేయి. మిషను సర్దేత్తంది, రాత్రి రైలుకి టికెట్టు. అప్పుడు బావ, అంత అవమానం అయినోడు, ముందుకొచ్చి, "అమ్మా, ఒక్కసారి తలుపులేసి సూద్దారా?" అన్నాడు. మేనేజర్ గారు కసిరేరు. కానీ నిజం సూడు, రెండ్రోజులూ ఉక్కకని తలుపులు బార్లా తీసుంచేం. రొయ్య తొక్కు కుప్ప పక్కనే గదా, ఈగలొత్తాయని పాత గదికైతే ఎప్పుడూ మూసే ఉంచీవోళ్ళం! ఆ పిల్ల ఆగింది. మూసేం. పావుగంట గాజుకన్నం కాడే కూకున్నాడు బావ. "రాండమ్మా, నిన్నటి నా పచ్చ మంట వొచ్చీసింది" అన్నాడు. కడ్డీ ఎడితే విషం అంకె ఎనిమిదొందలు, వందలోపుండాల్సింది! కొత్త గదికి మేస్త్రీ గాలికన్నాలు ఎట్టలేదు, గది తలుపులేసీసరికి మంటకి ఊపిరి నేదు. ఆ విషగాలి గదిలోకి తిరగబడితే లోపలున్నోడి గతేటి? ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. రైలు మానీసింది. మర్నాడు గోడకి కిందొకటి, పైనొకటి కన్నాలు కొట్టించి, జాలీలేయించి, తలుపులు మూసి, బావ సేతే గాలి మర తిప్పించి మంట సరిసేయించింది. "ఈ మిషన్ నాతో వచ్చేస్తుంది సార్, ఈయన కళ్ళు ఇక్కడే ఉంటాయి, వదులుకోకండి" అందంట మేనేజర్ గారితో.

అలగ నిలబడ్డాడు. "నీకు తోడు ఇద్దర్ని నువ్వే చెప్పుకో" అన్నారు. బావ గవర్రాజు పేరు సెప్పి, తరవాత తాతబాబని నా పేరు సెప్పేడు. మిగిలినోళ్ళని ఐసు ప్లాంటులో ఏయించీదాకా మేనేజర్ని వొదల్లేదనుకో. అయితే అల్లుడూ... ఇది మీ అత్తకి కూడా సెప్పలేదు. ఆ నవ్వుకున్న రోజు సాయంత్రం నాను మేనేజర్ రూమ్ కెల్లేను. "శేఖర్ కి కళ్ళు మసకలండి, రంగు తెల్దండి, ఆణ్ణి తీసీండి" అని సెప్పేను. నా ఉద్యోగం కోసరం. రూమ్ బయటకొత్తే గోడవతల బావ, నీళ్ళు తాగుతా. యిన్నాడు. అంతా యిన్నాడు. అయినా నా పేరే సెప్పేడు. మొదటి డ్యూటీ రోజు ఎలాగైనా సెప్పీసుకుందారని నోరు తెరిసేను. "ఆ తలుపెయ్యరా తాతబాబూ, ఈగలొత్తన్నాయి" అన్నాడు.

...టీ సల్లారిపోతంది, తాగు. పొద్దున్న ఎన్నింటికి నీ బస్సు?