లెక్కలోకి రాని గాలి

ధవళేశ్వరం రేవులో వల బాగుచేసుకుంటున్న తండ్రి పక్కన అశ్విని వచ్చి కూర్చుంది.

"యూనివర్సిటీలో పనుందన్నావు కదమ్మా?"

"చెడిపోయింది నాన్నా. నీళ్ళలోంచి హైడ్రోజన్ తీయడానికి ప్లాటినం బదులు పల్చటి కార్బైడ్ పొర డిజైన్ చేశానని చెప్పాను కదా. వారం తిరక్కుండానే తెల్లపొడైపోయింది."

"కంప్యూటర్లో బ్రహ్మాండంగా ఉందన్నావుగా?"

"నీళ్ళలో కలిసుండే గాలిని నేను లెక్కలో వేయలేదు. ఆ గాలికే పొర తుప్పు పట్టినట్టు పాడైపోయింది."

"అదేంటమ్మా! చేపలు బతికేదే ఆ గాలితో."

"అవును. మర్చిపోయాను."

ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు.

"మీ సారు తిట్టారా?"

"నన్ను కాదు, ఆ పొర తయారుచేసిన ఇంద్రజని. సరిగా కడగలేదన్నారు."

"మరి నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

వల మీద తండ్రి చేతులు ఆగిపోయాయి.

"ముందు ఆ పిల్లకి ఫోన్ చెయ్యి."

చేసింది.

"ఇంద్రజా, తప్పు నీది కాదు. నా లెక్కలోనే ఉంది."



"రీసెర్చ్ మానేస్తున్నానని నిన్ననే రాసిచ్చేశానక్కా."

ఫోన్ పెట్టేశాక కూడా అశ్వినికి ఏమీ అనిపించలేదు.

"ఏమందమ్మా?"

ఆమె లేచి నిలబడింది.

"నన్ను బస్సు దగ్గర దింపు నాన్నా. తప్పు నాదని సారుకి ఎదురుగానే చెప్పాలి."