ఓబులేసు మూడో అతుకు

ఏం చూశావో చెప్పు ముందు! రెండూ చిల్లులు అతికే టంకం ముక్కలే కదా. ఇది వంచితే వంగింది, అది పుటుక్కున విరిగింది. సీసం అదే, తగరం అదే, నిప్పూ అదే. మరి ఎందుకట్లా? విను.

ఓబులేసని ఒకడు, ఊరూరా తిరిగి బిందెలూ చెంబులూ అతికేవాడంట. పుల్లన్న కూతురు కాటమ్మ మీద మనసు పడ్డాడు. పుల్లన్నేమో, మా ఇత్తడి బిందె అడుగు కారుతోంది, నా ముందర అతుకు, మూడు తడవలు చూస్తా, మూడోసారీ కారిందా, నువ్వెవరో నా కూతురెవరో అన్నాడంట. సరే, వీడు బిందె బోర్లించి, కిలుము వదిలేలా నవాసారం రుద్ది, టంకం కరిగించి పోశాడు. ఏమైందంటే, నీళ్ళు పొయ్యగానే అతుకు ఊడి బొటబొటా కారింది. "తగరం తక్కువైంది మామా." "ఇంకా మామను కాలేదు, అతుకు!" రెండోసారి తగరం ఎక్కువేశాడు, నిప్పు బాగా రాజేశాడు. మళ్ళీ అదే తంతు. దిష్టి తగిలిందని బిందె చుట్టూ మిరపకాయలు తిప్పాడనుకో! బిందెకేం, తుమ్మిందా, దగ్గిందా?

వాడి ఏడుపుమొహం చూసి కాటమ్మ ఉండబట్టలేక ఊడిన ముక్క తీసి చూసిందంట. రవ్వరవ్వగా, గరుగ్గా ఉంది. గోడ అవతల వాళ్ళ పిన్ని జొన్నలు దంచుతోంది, దబ్, దబ్! పోటు పోటుకీ నేల అదురుతోంది, నేల మీద బిందె అదురుతోంది. కాటమ్మకు వెలిగింది. "ఏమయ్యో, తోడేసిన పాలు కదుపుతా కూర్చుంటే పెరుగు గడ్డకడతాదా? కరిగింది గట్టిపడేదాకా ఎవరూ కదలాకండి!" అని కేకేసింది. ఓబులేసు మూడోసారి టంకం పోశాడు. ఇంకేముంది! పిన్ని రోకలి ఎత్తింది ఎత్తినట్టే ఆగింది. పుల్లన్నకేమో సరిగ్గా అప్పుడే తుమ్మొచ్చింది. ముక్కు పట్టుకుని గుడ్లు తేలేశాడు. వాకిట్లో బర్రె కూడా నెమరాపిందంట, నేను చూడలేదు. అదే సీసం, అదే తగరం, ఈసారి అతుకు నున్నగా మెరిసింది. అప్పుడు తుమ్మాడు చూడు పుల్లన్న, కోళ్ళు ఇంటిమీదికెక్కాయి! బిందె మాత్రం చుక్క కారలేదు. పెళ్ళయింది.

నలభై ఏళ్ళుగా చేతులు కాల్చుకున్నవాణ్ణి, నాకు కోపం ఊరికే రాదు. తగరం కల్తీ అని నన్ను తిట్టిపోతారే గానీ, మీ ఒళ్ళు మీరు చూసుకోరు. ఇదిగో, నీ చెంబుకు టంకం ఇప్పుడే పోశాను, ఇంకా ముద్దగానే ఉంది. చెంబున్న బల్ల మీదే కూర్చుని, ఆ కాలెందుకు ఊపుతున్నావు?