దుమ్ముగూడెం ఎముక, రాజ్యశ్రీ గారి కన్ను

సభను నడిపిస్తున్న ప్రిన్సిపాల్ నిర్మలాదేవి గారికి, ముందు వరుసలోని పెద్దలకు, ఇంత ఎండలో భద్రాచలం బస్సు పట్టుకుని వచ్చిన మిత్రులకు, ఇవాళ ఉద్యోగ విరమణ చేస్తున్న మా చరిత్ర శాఖ రాజ్యశ్రీ గారికి నమస్కారం. ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. పిలిచినవాళ్లకు నా కడుపుమంట సంగతి తెలియదనుకోవాలి. (నవ్వులు)

ఆమెకు పేరు తెచ్చిన ఆ ఎముక దొరికింది నాకు. ఈ మాట మాత్రం మినిట్స్‌లో రాసుకోండి. గోదావరి వరద తీశాక దుమ్ముగూడెం దగ్గర ఒడ్డు విరిగిపడితే, మోకాలి లోతు బురదలో దిగి తీసింది నేను. జానెడు పొడవు, పలచటి బద్ద, ఒక కొస గుండ్రంగా, నున్నగా ఉంది. వేల ఏళ్ల నాటిదని పరీక్షలో తేలింది గానీ, దేనికి వాడారో ఎవరికీ అంతుబట్టలేదు. నేను బల్లెం మొన అన్నాను, పెద్ద సార్లు పూజా వస్తువు అన్నారు. మా పురావస్తు శాస్త్రంలో తెలియనిదల్లా పూజా వస్తువే కదా. (నవ్వులు)

రాజ్యశ్రీ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "వెంకటకృష్ణ గారూ, మా ఇంట్ల అట్లకాడ గిట్లనే ఒక దిక్కే అరిగింది. పొడిచేదైతే మొన విరగాలె, పూజదైతే అసలు అరగదు. ఇది మెత్తటిదాన్ని దేన్నో రుద్దింది" అన్నారు. తోలు సాపు చేసే పనిముట్టు అని వ్యాసం రాశారు. పేపర్లో ఎముక ఫొటో వచ్చింది, పక్కన ఆమె ఫొటో వచ్చింది. బురదలో దిగినవాడిది రాలేదు. దాచుకోవడం దేనికి, ఆ కటింగ్ చూస్తే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

అయితే హైదరాబాద్ పెద్దలు ఒప్పుకోలేదు. కొత్త ఎముకతో తోలు రుద్ది, అదే మెరుపు వస్తుందని చూపించమన్నారు. ఆమెకేమో చేతికి కీళ్ల నొప్పులు. ఆ మాట తేలకుండానే రిటైర్‌మెంట్ వచ్చేసింది. నాకు లోపల ఎంత సంబరమో. ఆమె చెప్పింది తప్పని నేనే తేల్చేద్దామని దున్నపోతు పక్కటెముకలు, మేకతోలు తెచ్చి పెరట్లో రోజూ రుద్దాను. "ఇంట్ల కుక్కన్న లేకపాయె, గీ బొక్కలు ఎవలికి?" అని మా ఆవిడ గొడవ. (నవ్వులు)

పోయిన వారం ఆ పాత ఎముకనూ, నేను రుద్దినదాన్నీ మైక్రోస్కోప్ కింద పెట్టాను. కుడి కన్నుతో చూశాను, నమ్మకం లేక ఎడమ కన్నుతో కూడా చూశాను. అవే గీతలు, అదే మెరుపు, అదే వాలు.

(ఆమె వైపు తిరిగి) రాజ్యశ్రీ గారూ, మీరు చెప్పిందే నిజం. మీమీద అభిమానం ఉన్నవాళ్లెవరూ ఇన్నాళ్లు తోలు రుద్దేవాళ్లు కాదు, మీ మాట నమ్మి ఊరుకునేవాళ్లు. నేను అరగదీసిన బొక్క, ఫొటోలు ఈ సంచిలో ఉన్నాయి, శాలువాతో పాటు తీసుకోండి. కొత్త వ్యాసంలో నా పేరు మీ పేరు తర్వాతే రాయండి. కానీ రాయండి.

నా ఏడుపును ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక కూర్చుంటాను, సెలవు.