తెల్లారినంక వచ్చిన బస్సు పొగ

కామారెడ్డి టేషన్ బయట, బషీర్ హోటల్ ముంగట, ఎల్లారెడ్డి బస్సు గంటసేపటి సంది కదలకుంట నిలవడ్డది. జర్మనోళ్ల లడాయి మొదలైనంక పెట్రోలు దొరుకుతలేదు. బండెనక ఇనుప పొయ్యి కట్టి బొగ్గుల గ్యాసు మీదనే నడుపుతున్నరు. డ్రైవర్ ఖయ్యూం మాత్రం బల్ల మీద కాలు మీద కాలేసుకొని చాయ్ తాగుతున్నడు.

"బిడ్డా, పొద్దు నెత్తి మీదికి రాకముందె నేను ఎల్లారెడ్డి తాసీల్ కచేరిల నిలవడాలె. లేకుంటె నా రెండెకరాల చెలక మా దాయాది పాలోళ్ల పేరు మీదికి పోతది," అన్నది బస్సు కోసం వచ్చిన ముసలి భూదవ్వ. సంకల కాయితాల మూట గట్టిగ పట్టుకున్నది.

"పొయ్యి రాజుకుంటున్నది అవ్వా, కూసో," అన్నడు ఖయ్యూం. "ఈ ఇంజను సంగతి నీకు ఎర్కలేదు. బొగ్గు మీద వడ్డంక బండి గుంజుడు తగ్గింది. లింగంపేట చడావు కాడ ఎత్తు ఎక్కలేకపోయేది, అందరు దిగి నూకుడే. నాకు సిగ్గనిపిచ్చింది. ఇంజను మూత ఇప్పి, లోపల గ్యాసు ఇంకింత నొక్కుకపోవాలని, దాని అడుగంచు ఆకురాయితోని దారం మందం రాకిన. గ్యాసు వడవోసే డబ్బల కొత్త కొబ్బరి పీచు వెట్టిన. గంతే. ఆ దినం చడావు కాడ ఒక్కడు దిగలే."

"ఒక్కడు గూడ?" అన్నడు బషీర్.

"దిగుదామంటె బండి ఆగితె గద! ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఇంకో దారం మందం రాకి, గాంధారి తుమ్మబొగ్గు ఏసిన. ఈడ ఆరన్ కొడితె, ఆ సప్పుడు లింగంపేట చేరేటాల్లకు మేము ఎల్లారెడ్డిల చాయ్ తాగుతున్నం."

"మరి పొగ?" బీడీ ముట్టిచ్చుకుంట అడిగిండు బస్సు కోసమే కూసున్న మైసన్న.

"పొగ తెల్లారినంక వచ్చింది. టిక్కెట్టు లేదని మా గుమస్తా ఆపిండు. నేనే నచ్చజెప్పి సగం టిక్కెట్టు కొట్టిపిచ్చిన."

"పొద్దెక్కుతున్నది బిడ్డా," అన్నది భూదవ్వ.

"ఇంటున్నవా అవ్వా, ఇది నీ అసొంటోళ్ల ముచ్చటే. మూడోసారి రాకినంక ఈడ తొమ్మిదింటికి బయలెల్లినం. ఆడ దిగి చూస్తె కచేరి గడియారంల ఎనిమిదిన్నర! పేష్కారు సాబ్ ఇంకా ఏపపుల్ల నములుతున్నడు. బండిల ఓ పెద్దమనిషి, నా భూమి తగాదా పేషీ నిన్ననే అయిపాయె అని ఏడ్వవట్టిండు. ఏడ్వకు బాపు అని, మళ్ల ఎక్కిచ్చుకొని, జర జోరుగ తోలి నిన్నటి దినంల దించిన. పేషీ గెలిచి మిఠాయి పంచిండు. నేను రెండు తిన్న."

భూదవ్వ లేసి బస్సెనకకు పోయింది. పొయ్యి మీద చెయ్యి వెట్టి చూసింది. సల్లగున్నది. గాలి కొట్టే పంకా రెక్క ఇరిగి కింద వడున్నది. మర్లి వచ్చి, బషీర్ పొయ్యి కాడి ఊదుగొట్టం తీసి ఖయ్యూం చేతిల వెట్టింది.

"నిన్నటి దినానికి నేను పోను బిడ్డా. ఇయ్యాల్టి పొద్దుకు చేరిస్తె సాలు. గంటసేపు ఈడ ఊదిన గాలి ఆడ ఊదితె, ఇప్పటికి కచేరి మెట్లెక్కుతుంటి."

ఖయ్యూం చాయ్ కప్పు కింద వెట్టి, పోయి పొయ్యి కాడ వంగి ఊదవట్టిండు. జరసేపటికి బొగ్గు ఎర్రవడ్డది. భూదవ్వ ఎక్కి ముందటి సీటుల కూసున్నది.

"ఖయ్యూం భాయ్, చడావు కాడ దిగాల్నా?" అడిగిండు మైసన్న.

ఖయ్యూం తల ఎత్తలే.

"దిగాలె అన్నా. ఇయ్యాల జర గట్టిగ నూకాలె."