తల వెనక దెబ్బ

ఆసుపత్రి వార్డులో లారీ మెకానిక్ తలకి కట్టుతో పడుకుని ఉన్నాడు. మంచం పక్కన కుర్చీలో ఇన్‌స్పెక్టరమ్మ.

"ఇస్త్రీ పెట్టెతో కొట్టింది మేడమ్ నా పెళ్ళాం. దాన్ని లోపలెయ్యాలి."

"ఆవిడ పై వార్డులో ఉంది. ఇంకా మిషనే ఊపిరి పోస్తోంది. దెబ్బ తగిలినప్పుడు మీరేం చేస్తున్నారు?"

"సిగరెట్ కాల్చుకుంటున్నా. నా ఇంట్లో నేను."

"కిటికీలన్నీ మూసుకుని?"

"గాలికి అగ్గిపుల్ల ఆరిపోతోందని..."

"ఆవిడ మెడ మీద వేళ్ళ గుర్తులున్నాయి."

"పట్టుకున్నా. కాస్త. కోపం రాదా మేడమ్? నేను సిగరెట్ నోట్లో పెట్టానంటే చాలు, ఖళ్ళు ఖళ్ళుమని మొదలెడుతుంది. నలుగురిలో నా పరువు తియ్యడానికే. మీసాలు రాకముందు నుంచీ కాలుస్తున్నా, దున్నపోతులా ఉన్నా. నేను వదిలేసిన పొగకి దానికేం రోగం?"

"అందుకని?"

"అందుకని ఏముంది... దగ్గు, ఎంత దగ్గుతావో చూస్తానన్నా. మొహమ్మీద ఊదా. అంతే."

"ఒక్కసారేనా?"

"సిగరెట్ పెట్టె అయ్యేదాకా."

"చాలామంది ఆడవాళ్ళకి ఊపిరి గొట్టాలు సన్నగా ఉంటాయి. అదే పొగకి మగవాళ్ళకంటే తొందరగా బిగుసుకుపోతాయి. మీకు తెలిసుండదు."

"తెలీకేం? డాక్టరమ్మ చెప్పిందిగా. ఇద్దరిచేతా గొట్టంలో ఊదించి, మీరు తట్టుకుంటారు, ఆవిడ తట్టుకోలేదు, గదిలో కాల్చకండి అంది."

"ఎప్పుడు?"

"పోయిన నెల్లో..."

"అంటే తెలిసే ఊదావు."

"మేడమ్, దెబ్బ తిన్నది నేను. నన్నడుగుతారేంటి?"

"దెబ్బెక్కడ తగిలింది?"

"తల వెనక."

"ఆవిడేమో నేల మీద, నీ మోకాలి కింద. రొమ్ము ఎముక విరిగింది. వెనక నుంచి ఎలా కొడుతుంది?"

"మరెవరు? ఇంట్లో ఇంకెవరూ లేరు. మా అమ్మ ఒక్కతే, అవతల గదిలో."

"అవతల గదిలోనే ఉండిపోయిందా?"

"మా అమ్మా? చాల్లెండి. నన్ను చీమ కుట్టినా ఓర్చుకోదు."

"తనే స్టేషన్‌కొచ్చి చెప్పింది. అక్కడే కూర్చుంది."

"నా కోసం ఏడుస్తోందా?"

"కోడలికి ఊపిరాడుతోందా అని వచ్చేపోయేవాళ్ళందరినీ అడుగుతోంది. నీ గురించి ఇంతవరకూ అడగలేదు."