వాన పడే కాసేపు

నెట్ మెకానిక్ సిగ్నల్ చూసి మేడ దిగేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపల గదిలో తల్లి నిద్రపోతోంది.

“ఫైబర్ ఈ వీధికి ఇప్పట్లో రాదమ్మా.”

“ఆ మాట విని విని విసుగొచ్చింది. ఇంకేం ఉందో చెప్పండి.”

“సిమ్ రౌటర్ ఉంది గానీ, సాయంత్రమైతే నత్తనడకే.”

“నేను షాపు కట్టేసి వచ్చేది రాత్రికి. అప్పటిదాకా కెమెరాలో అమ్మ కనబడుతుండాలి. తను లేస్తే పక్కింటి పిన్నిగారికి ఫోన్ చేస్తాను.”

“అయితే శాటిలైట్ డిష్ పెట్టించుకోండి. బ్రహ్మాండంగా ఉంటుంది. జోరువాన పడితే కాసేపు ఆగుతుంది, అంతే. ఆ కాసేపట్లో కొంపేం మునగదులెండి.”

ఆమె గొంతు తగ్గించింది.

“మామూలప్పుడు అమ్మ మంచం దిగదండీ. వాన చప్పుడు వింటేనే లేస్తుంది. ఆరేసిన బట్టలు తడిసిపోతాయని బయటికి పరుగెడుతుంది. పోయినసారి పెద్దరోడ్డు మీద దొరికింది.”

“తాళం వేసుకుని వెళ్ళొచ్చు కదా.”

“వేశాను ఒకసారి. తలుపు బాది బాది అమ్మ చేతులు వాచిపోయాయి.”

అతను పెరటివైపు చూశాడు.

“పోనీ, ఈ వానలు తగ్గేదాకా బట్టలు ఇంట్లోనే ఆరేసుకోండమ్మా.”

“ఇంట్లోనే ఆరేస్తున్నాం. పెరట్లో దండెం తీసేసి ఏడాదైంది.”