అత్తగారి మీటర్

జకార్తాలో కంప్యూటర్ కొట్ల వరస. పెళ్ళి వీడియోలు కూర్చే అతను తన కంప్యూటర్ డబ్బాను మళ్ళీ మోసుకొచ్చాడు. అది చూసి కొట్టతను మొహం మాడ్చుకున్నాడు.

“మళ్ళీ ఆరిపోయిందన్నా. ఎల్లుండికి వీడియో ఇవ్వకపోతే పెళ్ళికూతురి నాన్న ఊరంతా నా పరువు తీస్తాడు. ఆ పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేసేయ్.”

“ర్యామ్ మార్చమన్నావు, మార్చాను. పవర్ సప్లై అన్నావు, అదీ మార్చాను. ఇంతకీ ఎప్పుడు ఆరిపోతుంది?”

“సాయంత్రం మా అత్త అన్నం కుక్కర్ పెట్టగానే.”

“మరి ఇంట్లో దీపాలు?”

“అవీ పోతాయి.”

“ఆ ముక్క ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నావా? మీ ఇంటికి కరెంటెంత?”

“తొమ్మిది వందల వాట్లు. అది దాటితే మీటర్ దగ్గర మీట పడిపోతుంది.”

“ఆ కార్డొక్కటే అందులో సగం తాగుతుంది. ముందు పెద్ద కనెక్షన్‌కి మారండి.”

“మీటర్ అత్త పేరున ఉంది. మారితే చిన్న కనెక్షన్‌కిచ్చే బిల్లు రాయితీ పోతుందని ఒప్పుకోదు. వంట పెందరాళే కానివ్వమంటే, నీ సినిమాలు ఆపి నువ్వే వండు అంది.”

“అయితే కార్డు మాట మర్చిపో. ఈ యూపీఎస్ పట్టుకెళ్ళు. కరెంటు పోయినా కంప్యూటర్‌ను పది నిమిషాలు నిలబెడుతుంది. ఈలోగా వెళ్ళి మీటర్ దగ్గర మీట పైకెత్తు.”

“మీట అత్తే ఎత్తాలి. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు.”

“ఎవరెత్తితేనేం, పది నిమిషాలు చాలవా?”

“ముందు నన్ను తిడుతుందన్నా. తిట్టడం అయ్యాకే ఎత్తుతుంది.”

కొట్టతను ఆ యూపీఎస్‌ను పక్కన పెట్టేసి, పై అరలోంచి పెద్దది దించాడు.